అట్ట మీద పాపాయి

గ్రంథాలయంలో పుస్తకాల ర్యాకుల వెనక చిన్న గది. బల్ల మీద బరువైన అట్టపెట్టె. ఒక పక్క తల నెరిసిన లైబ్రేరియన్, ఎదురుగా ఆ పెట్టె మోసుకొచ్చిన లెక్కల టీచరు.

"అన్నీ ఇచ్చేస్తున్నారా టీచర్ గారూ? ఒక్కటైనా ఉంచుకోరా?"

"అన్నీనండీ. పెట్టె కూడా మీరే ఉంచేసుకోండి."

"ఇది అండాశయంలో నీటి బుడగల మీద, ఇది హార్మోన్ల మీద... ఇదేమో పీసీఓఎస్ ఉన్నవాళ్ళు ఏం తినాలో, ఇది పిల్లలు లేనివాళ్ళకి... అన్నీ ఒకే గొడవ మీద ఉన్నాయే!"

"నాదీ ఒకే గొడవ కదండీ."

"పెన్సిల్ గీతలు కూడా చాలా ఉన్నాయి."

"తుడిచేసి తెద్దామని కూర్చున్నాను మేడమ్. మధ్యలో ఓపిక పోయింది."

"ఉండనివ్వండి, పరవాలేదు. ఎవరో చదివారని తెలుస్తుంది. మాకు ఊరికే వచ్చే పుస్తకాలు చాలావరకు ఒక్కసారి కూడా తెరవనివే. మరి ఇంత శ్రద్ధగా చదివినవి, ఇప్పుడెందుకు ఇచ్చేస్తున్నట్టు?"

"ఇంకెందుకండీ. పని అయిపోయింది."

"అయిపోయిందా! అబ్బ, ఎంత చల్లని మాట చెప్పారమ్మా! బాబా, పాపా?"

"అదీ..."

"టీచర్ గారూ?"

"పాప."

"పాపా! బంగారంలాంటి మాట. ఎన్నో నెల?"

"నెలలేంటండీ. నడుస్తోంది."

"అప్పుడే! ఎవరి పోలిక?"

"వాళ్ళ నాన్న పోలికే. చెవులు మాత్రం నావి. పెద్దవి."

"మాటలొచ్చాయా?"

"'వద్దు' ఒక్కటే వచ్చు. పాలంటే వద్దు, స్నానమంటే వద్దు. ఎత్తుకోనా అంటే వద్దు. దించితే మళ్ళీ వద్దు."

"మీ మొహం ఎలా వెలిగిపోతోందో చూడండి! ఇప్పుడెవరి దగ్గరుంది?"

"మా అత్తయ్య దగ్గర. వెళ్తానండీ ఇక. ఆలస్యమవుతోంది."

"ఒక్క నిమిషం కూర్చోండమ్మా. మీతో నాకో పని పడింది. ఎలా అడగాలో తెలీడం లేదు గానీ... మా అమ్మాయికీ ఇదే జబ్బు."

"అయ్యో."

"పెద్దమనిషి అయినప్పట్నుంచీ అంతే, నెల నెలా సరిగ్గా వచ్చేది కాదు. పెళ్ళయితే అదే సర్దుకుంటుందన్నారు. అందరితో పాటు నేనూ అన్నాను."

"మా అమ్మ కూడా అంది."

"మొన్న ఆపరేషన్ చేసి బుడగలు తీసేశారు. మా ఇంట్లోనే ఉంది. ఎప్పుడు చూసినా గోడ వైపు తిరిగి పడుకుంటుంది. రోజూ ఇక్కణ్ణించి ఒక పుస్తకం తీసుకెళ్ళి తలగడ పక్కన పెడతాను. మర్నాడు చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంటుంది."

"పోనీ కొన్నాళ్ళు వదిలెయ్యకూడదూ?"

"ఎలా వదిలెయ్యనమ్మా? అల్లుడు మంచివాడే. పల్లెత్తు మాట అనడు. అనకపోవడమే నాకు భయం. ఇంకా వయసుంది కదా, ధైర్యం తెచ్చుకుని మళ్ళీ మొదలుపెట్టాలి కదా. నేను చెప్తే 'పుస్తకాలు చదివితే పిల్లలు పుడతారా' అంటుంది. అనుభవించిన మనిషి నోటి నుంచి వింటే నమ్ముతుందేమో. ఫోన్ కలుపుతాను, ఒక్క మాట చెప్పండి."

"నేనా? వద్దండీ. నాకలా చెప్పడం రాదు."

"క్లాసు నిండా పిల్లలకి లెక్కలు చెప్తారు, ఇది చెప్పలేరూ?"

"అది వేరండీ. మేడమ్, వద్దు, నిజంగా..."

"హలో, తల్లీ! పడుకున్నావా? పెట్టెయ్యకు, పెట్టెయ్యకు. ఇక్కడొక టీచర్ గారున్నారు. అచ్చం నీలాగే అన్ని బాధలూ పడ్డారట. ఇప్పుడు పాప! నడుస్తోందట! ఇదిగో, మాట్లాడు... తీసుకోండమ్మా. హాల్లో పేపరు కోసం మళ్ళీ ఆ రోజూ వచ్చే ముసలాయనలిద్దరూ జుట్లు పట్టుకునేలా ఉన్నారు. విడదీసి వస్తాను."

లైబ్రేరియన్ తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. టీచరు ఫోన్ చెవిన పెట్టుకుంది.

"హలో... అమ్మా?"

"చెప్పండి. పాప పుట్టిందటగా. సంతోషం."

"ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉంది. చెప్పండి. అన్నం మానేశారా? చక్కెర మానేశారా? పొద్దున్నే నడిచారా? నేనూ నడిచానండీ. చెప్పులరిగేదాకా నడిచాను."

"అన్నీ మానేశానమ్మా. అన్నీ చేశాను."

"ఐతే దేనితో కుదిరింది? అమ్మ అడుగుతుంది ఇంటికొచ్చాక. ఏదో ఒకటి చెప్పండి, అప్పజెప్పేస్తాను."

"దేనితోనంటే..."

"మందులా? ఐవీఎఫ్ఫా?"

"లేదమ్మా."

"మరి?"

"పాప లేదు."

"ఏంటీ?"

"పాప లేదమ్మా. మీ అమ్మగారు బాబా పాపా అని అంత ఆశగా అడిగేసరికి నోటికొచ్చేసింది. ఒకసారి వచ్చాక ఇక ఆగలేదు. నడిపించేశాను, మాటలు కూడా నేర్పేశాను. నీతో కూడా అదే అబద్ధమాడితే పాపం తగులుతుంది. క్షమించు. ఏడుస్తున్నావా?"

"లేదక్కా. నవ్వొస్తోంది. కుట్లు లాగుతున్నాయి, నవ్వకూడదు. మాటలు కూడా నేర్పారా?"

"ఒక్క మాటే. 'వద్దు' అని."

"మంచి మాటే నేర్పారు. మరి పుస్తకాలెందుకిచ్చేస్తున్నారు?"

"మా ఆయన 'ఇక చాలు' అన్నాడు. కసిరి చెప్పినా బాగుండేది, నేనూ ఎదురు తిరిగేదాన్ని. మెల్లగా, చెయ్యి పట్టుకుని చెప్పాడు. ఆ తర్వాత ఆ పుస్తకాల వైపు చూడలేకపోయాను. ఏది తీసినా అట్ట మీద బోసినవ్వు నవ్వుతూ ఒక పాపాయి. లోపల ఎక్కడో చివర్లో ఉంటుంది, కొందరికి ఫలితం రాకపోవచ్చని. ఆ పేజీ నేనెప్పుడూ దాటేసేదాన్ని. కొందరంటే ఇంకెవరోలే అనుకునేదాన్ని."

"నేనూ అంతే."

"నీకింకా టైముందమ్మా. నన్ను చూసి దిగులు పెట్టుకోకు. బుడగలు తీసేశారు కదా, ఇప్పుడు..."

"అమ్మ పక్కనుందా?"

"లేదు. హాల్లోకి వెళ్ళింది."

"తీసింది బుడగలు కాదక్కా."

"మరి?"

"గర్భసంచి. నెలలు నెలలు రాక లోపలి పొర చెడిపోయిందన్నారు. వదిలేస్తే ప్రాణానికే ముప్పన్నారు. మా ఆయన సంతకం పెట్టేశారు. అప్పుడు అమ్మ ఆస్పత్రిలో బయట బెంచీ మీద కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని ఏవో మొక్కుకుంటోంది. ఎలా చెప్పమంటారు? బుడగలు తీశారని చెప్పాం."

"అమ్మా..."

"రోజూ ఒక పుస్తకం తెస్తుంది. బస్సులో తనే చదువుకుంటూ వస్తుందక్కా, నాకు చెప్పాలని. 'దాల్చిన చెక్క మంచిదటే' అంటుంది. ఊఁ అంటాను. గోడ వైపు తిరిగి పడుకునేది అందుకే. ఆవిడ మొహం చూస్తే చెప్పేస్తానేమోనని."

"ఎన్నాళ్ళని దాస్తావు?"

"తెలీదు. మొన్న ఒక ఉన్ని టోపీ అల్లింది. పక్కింటివాళ్ళకట. పక్కింట్లో పిల్లలెవరూ లేరు. మీరొక సాయం చెయ్యాలి. పాప ఉన్నట్టే ఉండనివ్వండి."

"నా వల్ల కాదమ్మా."

"ఇందాక మాటలు నేర్పినవాళ్ళు మీరేగా. ఆవిడకి మిగిలింది అదొక్కటే అక్కా. పెట్టేస్తున్నా."

తలుపు తీసుకుని లైబ్రేరియన్ వచ్చింది. టీచరు ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"వాళ్ళలో పెద్దాయన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి వచ్చాను. ఏమందమ్మా? మాట్లాడిందా? విసుక్కుందా?"

"లేదండీ. నవ్వింది."

"నవ్విందా! మా అమ్మాయా? నిజంగానా?"

"నిజంగానే. కుట్లు లాగేంతగా నవ్వింది."

"ఇంకా? ఇంకేమంది?"

"ముందు ఏ పుస్తకం చదవమంటారని అడిగింది."

"అడిగిందా..."

"కూర్చోండి మేడమ్, కూర్చోండి. మంచినీళ్ళు తీసుకురానా?"

"వద్దు, వద్దు. నా బిడ్డ ఒక్క పూటైనా నవ్వింది. అది చాలు. మీ మేలు మరచిపోను. మిమ్మల్ని ఇంత ఇబ్బంది పెట్టి ఉండకూడదు."

"ఇబ్బందేముందండీ."

"ఉందమ్మా. నాకు తెలుసు."

"మేడమ్?"

"అదిగో, ఆ గోడవార ర్యాకు చూడండి. పైనుంచి కిందదాకా ఈ జబ్బు పుస్తకాలే. అన్నీ మీలాగే పెట్టెల్లో పెట్టుకుని తెచ్చి, పని అయిపోయిందని ఇచ్చి వెళ్ళినవే. ఎవర్నడిగినా నాతో పాపే అన్నారమ్మా. ఒక్క పాపనీ నేనింతవరకు చూడలేదు."