రాజలింగు లారీ టైర్లు

చొప్పదండి రోడ్డు మీది టైర్ల దుకాణం ముందు లారీ ఆగింది. డ్రైవరు దిగీ దిగకముందే మొదలుపెట్టాడు.

“అన్నా, రాజలింగు లారీకి ఏసిన పెద్ద టైర్లే నాకూ ఎయ్యి.”

“నీవి కొత్తయే గదా తమ్మీ?”

“ఇద్దరి మీటర్లు అరవై మీదనే ఉంటయి. అయినా వాడు హారన్ కొట్టుకుంట నన్ను దాటిపోతుండు.”

“చక్రం ఎన్నిసార్లు తిరిగిందో గంతే మీటరుకు ఎరుక. పెద్ద చక్రం ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం పోతది. అతని మీటరు అరవై అంటే బండి అరవై ఏడు మీద ఉన్నట్టు.”

“అంటే నిజంగనే నాకంటే జోరుగ పోతుండు!”

“బ్రేకులు మాత్రం చిన్న టైర్లకు పెట్టిన పాతయే. అనుకున్న కాడ బండి ఆగదు. మలుపుల ఒరుగుతది.”

“ఒరగనియ్యి. వేములవాడల బండిపూజ నాడు అందరూ వాని లారీ కాడనే ఫోటోలు దిగిండ్రు. మా ఇంటామె నా టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, నేను తొక్కియ్యకముందే అటు ఉరికింది.”

“గా మూలకున్న టైర్లు ఎవరివనుకున్నవ్?”

“రాజలింగువా?”

“పొద్దుగాల విప్పిచ్చిండు. నిన్న బ్రేకు కొడితే బండి ఆగలే, ముందున్న ట్రాక్టరును గుద్దిండు. పానం దక్కింది. మళ్ల చిన్నయే ఏయించుకొని పోయిండు.”

డ్రైవరు ఆ టైర్ల దగ్గరకు వెళ్లి, ఒక్కొక్కదాన్నీ చేత్తో తడిమి చూశాడు.

“అయితే గివే ఎయ్యన్నా. మా ఇంటామె ఆనుకొని ఫోటో దిగింది గీ టైరుకే.”