మ్యూజియంకిచ్చిన డోలు

ఏళ్ల తరబడి ఆఫ్రికాలో మిషనరీగా ఉండి, బడులూ ఒక మ్యూజియమూ స్థాపించి, జబ్బుపడి గాజువాక తిరిగొచ్చిన అత్త ఫోన్ పెట్టేసింది. మేనకోడలు కంగారుగా దగ్గరకొచ్చింది.

“ఏటైందత్తా?”

“అక్కడ గొడవల్లో బడులూ మ్యూజియమూ తగలెట్టేసినారంటమ్మా.”

“మళ్లీ కట్టుకోవచ్చు గదత్తా.”

“బడులైతే కడతారు. తాతలనాటి డోళ్లు, పూసలు ఎక్కణ్ణుంచి తెత్తారు? ఇళ్లల్లో సెదలు తినేత్తాయి, మ్యూజియంలో భద్రంగా ఉంటాయని నానే ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చాను.”

“ఇళ్లల్లో ఉన్నా కాలిపోయేవే గదా?”

“ఇళ్ల జోలికి ఎవులూ పోలేదంట.”



“ఫోన్ ఎవులు సేసినారు?”

“వాళ్లమ్మ డోలు నాకిచ్చిన పిల్ల.”

“తిట్టిందా?”

“లేదమ్మా. నా ఒంట్లో ఎలాగుందని అడిగింది.”

“మరి నువ్వేటన్నావ్?”

“బాగుందన్నాను.”