బ్యాంకాక్‌కి నెట్ పంచిన పెద్దిరాజు గారు

నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు కోసం ఆగేవాళ్ళందరికీ రూతు టీ కొట్టే దిక్కు. ఆ సాయంత్రం నాలుగింటికి బల్ల మీద ముగ్గురం ఉన్నాం. లేసు ఎగుమతుల ఆఫీసులో గుమస్తా పని చేసే నేను, రొయ్యల చెరువుల పెద్దిరాజు గారు, రిటైరైన లెక్కల మాస్టారు విజయ్ పాల్ గారు. మాస్టారు పంటు ఎక్కడానికి రాలేదు, పెద్దిరాజు గారిని వెతుక్కుంటూ వచ్చారు. చేతిలో చిన్న నోటుబుక్కూ పెన్నూ ఉన్నాయి.

"రేపు రాత్రి వైజాగ్‌లో బ్యాంకాక్ విమానం ఎక్కుతున్నాను పెద్దిరాజూ. రిటైరైన టీచర్లం ఎనిమిది మందిమి. టిక్కెట్లు ఆరు నెలల కిందట కొన్నవి. ఇప్పుడు చూస్తే మా క్రిస్టినాకి సరిగ్గా ఆ వారంలోనే కాన్పు అంటున్నారు. మా ఆవిడ దాని దగ్గరుంటుంది. నేను మానేస్తానంటే పిల్లే ఒప్పుకోలేదు. నువ్వు ఫోన్‌లో దొరికితే చాలు నాన్నా అంది. అందుకని ఆ దేశంలో ఫోన్‌కి నెట్ ఎలా తెచ్చుకోవాలో చెప్పు. నువ్వు వెళ్ళొచ్చావు కదా."

తెలీదు అనే మాట పెద్దిరాజు గారి నోట నేను పదిహేనేళ్ళలో వినలేదు. పైగా అడిగింది చిన్నప్పుడు ఎక్కాలు నేర్పిన మాస్టారు. కండువా సర్దుకుని, కాలు మీద కాలు వేసుకుని మొదలెట్టారు.

"అదెంత పని మాస్టారూ. రాసుకోండి. రొయ్యల మేత కంపెనీ వాళ్ళు పన్నెండు మంది రైతుల్ని తీసుకెళ్ళారు కదండీ, అక్కడ ఎయిర్‌పోర్టులో దిగామా, దిగగానే సిమ్ కౌంటరు, దాని ముందు లైను, లైనంటే మన తిరపతి లైనులా ఉందండి, మనవాళ్ళు పదకొండు మందీ పాస్‌పోర్టులు పట్టుకుని వెళ్ళి దాన్లో నిలబడ్డారు. నేను నిలబడతానా? నేరుగా కౌంటరు దగ్గరికెళ్ళి, మన ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టె తీసి అక్కడ పెట్టాను. కౌంటరులో ఉన్న పిల్ల ఏం చేసిందో తెలుసా? పూతరేకుని చూసి అప్లికేషన్ ఫారం అనుకుని దాని మీద స్టాంపు వేసేసింది."

"పూతరేకు మీదా?" అన్నాను.

"రౌండు స్టాంపు, మురళీ. వేశాక వేలికి అంటిన నెయ్యి నాకి చూసింది. అంతే, పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది. లోపలికెళ్ళి పెద్ద మేనేజర్ని తీసుకొచ్చింది, ఆయనా ఒక ముక్క తిన్నాడు, తిని ఇనప్పెట్టె తాళం తీసి సిమ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ దేశం మొత్తం మీద అలాంటి సిమ్ములు తొమ్మిదే ఉన్నాయట. నాది పదోది."

మాస్టారు తలెత్తారు. "పూతరేకులు బెల్లానివా, పంచదారవా?"

"బెల్లానివేనండి. పంచదారవైతే మామూలు సిమ్ ఇస్తారు."

మాస్టారు రాసుకున్నారు. ఆయన లెక్కల మనిషి. ఇచ్చిన దత్తాంశాన్ని అనుమానించడం ఆయనకి అలవాటు లేదు. నాకు నవ్వొస్తోంది గానీ ఆయన ముఖం చూస్తే నవ్వబుద్ధి కాలేదు. టీ ముట్టుకోకుండా, కూతురి దగ్గర్నించి ఏమైనా వచ్చిందా అని ఫోన్ తీసి చూసుకున్నారు.

"ఇంతకీ వీడియో కాల్ బాగా వస్తుందా? బొమ్మ కనిపిస్తుందా? పిల్ల ముఖం చూడాలని నా ఆశ."

"బొమ్మా? వినండి. మొదటి రోజే హోటల్ గదిలోంచి మా ఆవిడ సూర్యకళకి వీడియో కాల్ చేశాను. అప్పుడే చేపల పులుసు దింపుతోంది. ఆ నెట్టు ఎంత చిక్కగా ఉందంటే, ఇక్కడ పులుసు ఆవిరికి అక్కడ నా ఫోన్ అద్దం మసకేసిందండి. నేను కండువాతో తుడుచుకోవాల్సొచ్చింది. వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు. హోటల్ వాళ్ళు పెట్టిన ఉత్త తెల్లన్నం ఆ వాసనతోనే రెండు ప్లేట్లు లాగించాను. పక్క గదిలో జపాన్ దంపతులు ఉంటే వాళ్ళూ ప్లేట్లు పట్టుకుని వచ్చేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కారం ఎక్కువైందన్నారా?" అన్నాను.

"నువ్వు మధ్యలో రాకు మురళీ. ఆ తర్వాత చెరువు దగ్గర కరెంటు పోయింది. రొయ్యకి గాలి అందకపోతే ఏమవుతుందో నీకు తెలియదు గానీ మాస్టారికి తెలుసు, తెల్లారేసరికి చెరువులో రొయ్యంతా చచ్చి తేలిపోతుంది. నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరగాలి. నేనేం కంగారు పడలేదు. బ్యాంకాక్ పడక మీద పడుకునే ఉన్నాను, బొటనవేలితో ఫోన్ మీద ఒక్క నొక్కు నొక్కాను, ఇక్కడ ఎనిమిది ఏరియేటర్లూ లేచాయి. కరెంటుతో కాదు, నా నెట్టుతోనే తిరిగాయి. అయితే ఆ నెట్టు కొంచెం జోరెక్కువ కదండీ, చెరువులో నీళ్ళు గట్టు దాటి లేచి, ఒక గంట సేపు అలా గాల్లోనే నిలబడి, మళ్ళీ బుద్ధిగా దిగాయి. ఆ గాలికి రొయ్య పెరిగింది చూడండి, అంతకుముందు కిలోకి నలభై తూగేవి, తెల్లారేసరికి కిలోకి ఒకటి. ఒక్కొక్కదాన్ని ఇద్దరు పట్టుకుని లారీ ఎక్కించారు."

రూతు పాల గిన్నె కలుపుతూ ఒకసారి ఇటు చూసింది. వాళ్ళాయన ఏసురాజే పెద్దిరాజు గారి చెరువుల కాపలా.

"పెద్దిరాజూ, రొయ్యల సంగతి సరే," అన్నారు మాస్టారు. "అక్కడ నెట్టు మధ్యలో పోతే ఏం చేయాలి? అదే నా భయం. సరిగ్గా ఆ టైముకి పోయిందనుకో."

"అడగవలసిన మాట అడిగారండి. పోయింది. మూడో రోజు ఊరు మొత్తానికి పోయింది. కోటి మంది జనం, ఒక్కడికీ నెట్టు లేదు, ఆటోవాళ్ళు దారి తెలీక ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతున్నారు, పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. ఒక్క నా ఫోన్‌కే ఉంది. జాలేసి హాట్‌స్పాట్ ఆన్ చేశానా, జనం హోటల్ చుట్టూ మూగారు. పాస్‌వర్డ్ ఏంటంటే 'పాలకొల్లు' అని తెలుగులో పెట్టాను. మధ్యాహ్నానికల్లా ఊరంతా 'ళ్ళు' పలకడం నేర్చేసుకుందండి. మన పిల్లలకే రాదు, వాళ్ళకి వచ్చేసింది. కానీ అంతమంది లాగితే ఫోన్ వేడెక్కదా? దాని మీద ఒకావిడ గుడ్డు కొట్టి అట్టు వేసుకుంది. ఇంకొకావిడ నీళ్ళు కాచుకుంది."

"మరి సిగ్నల్ సరిపోయిందా?" అన్నారు మాస్టారు, పెన్ను ఆపకుండా.

"సరిపోలేదు. అప్పుడు బుర్ర వాడాను. మా సూర్యకళ అల్లిన లేసు గుడ్డ ఒకటి ఉంది పెట్టెలో, అక్కడ మమ్మల్ని తిప్పే గైడుకి ఇద్దామని నేను తీసుకెళ్ళింది. దాన్ని నలభయ్యో అంతస్తు బాల్కనీ నుంచి కిందికి వదిలాను. మన నరసాపురం లేసు కన్నం ఎంత సన్నమో మురళీకి తెలుసు, వాడి ఉద్యోగమే అది. గాల్లో పోయే సిగ్నల్ వచ్చి ఆ కన్నాల్లో చిక్కుకోవడం మొదలెట్టింది. వలలో పరిగె చేప పడ్డట్టు గిలగిలా కొట్టుకుంటోంది. పైకి లాగడం, బకెట్లోకి దులపడం, మగ్గుతో మనిషికి ఒకటి చొప్పున పోయడం. ముసలివాళ్ళకి ఒకటిన్నర పోశాను."

"మా ఆఫీసులో ఇంతవరకూ ఈ వాడకం ఎవరూ కనిపెట్టలేదండి," అన్నాను.

"మీ ఆఫీసు వాళ్ళు ఏం కనిపెడతారు, ఆయ్, గుడ్డ మడతలు పెట్టడం తప్ప. అసలు సంగతి విను. నాలుగో రోజు వాళ్ళ టెలిఫోన్ల మంత్రి ఏనుగెక్కి వచ్చాడు. రాజుగారూ, మీరు వెళ్ళిపోతే మా గతి ఏంటి, మీరు ఇక్కడే టవరుగా ఉండిపోండి అన్నాడు. ఒక్క రోజు అయితే చూస్తానన్నాను. అందరికంటే ఎత్తు మేడ మీదికెక్కి రెండు చేతులూ చాపి నిలబడ్డాను. కుడి చేత్తో మాటలు, ఎడమ చేత్తో వీడియోలు. చెవి దగ్గరికి విమానం వస్తే కొంచెం పక్కకి నెట్టేవాణ్ణి. మధ్యలో ముక్కు దురద పెట్టి చెయ్యి దించితే, పాపం, దేశం సగానికి మాట పోయింది. వెంటనే ఎత్తేశాననుకోండి."

మాస్టారు 'ముక్కు' అని రాసి, కొట్టేశారు.

"తిరుగు ప్రయాణం ఇంకా ఉంది. విమానం గాల్లో ఉండగా పైలట్‌కి దారి పోయింది. నా హాట్‌స్పాట్ ఇచ్చాను. నేను చెప్పిన మలుపుల్లో తిప్పుకుంటూ వైజాగ్ దాటించేసి, తిన్నగా మా సఖినేటిపల్లి వైపు దింపాడు. దించాక, అయ్యో రేవు అవతల దిగిపోయామే అన్నాడు. అదెంతండీ, పంటు వాళ్ళని పిలిచాను, విమానాన్ని పంటు ఎక్కించి, ముందు నాలుగు స్కూటర్లు వెనక ఒక ట్రాక్టరు సర్ది, గోదావరి దాటించి, ఇదిగో ఈ రేవులోనే దించాను. నేను మెట్లు దిగుతుంటే పైలట్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

మాస్టారు రాసింది మొదట్నించి చదువుకున్నారు. అడ్డమైనవన్నీ కొట్టేయగా చివరికి ఆయన దగ్గర ఒక్క వాక్యం మిగిలింది.

"అంటే ఇక్కడ నేనేం చేయించుకోనక్కర్లేదు. అక్కడ దిగాక బెల్లం పూతరేకులు ఇస్తే మంచి సిమ్ ఇస్తారు. అంతేనా పెద్దిరాజూ? నీ మాట నమ్మి వెళ్తున్నాను."

పెద్దిరాజు గారు గొంతు సవరించుకున్నారు. ఒక్క క్షణం తడబడ్డట్టే అనిపించింది. కానీ అప్పటికే విమానాన్ని పంటు దించేసి ఉన్నారు కదా, వెనక్కి ఎలా వెళ్తారు.

"అంతేనండి. నాదే పూచీ."

రూతు గరిటె కింద పెట్టింది.

"మాస్టారూ, ఆ పుస్తకం మూయకండి. రాజుగారూ, మీరు తిట్టుకున్నా సరే నేను చెప్పేస్తాను. ఈయన కూతురు నెలలు నిండిన మనిషి. మీరు బ్యాంకాక్‌లో ఉన్న అయిదు రోజులూ మీ ఫోన్ మా ఇంట్లో బియ్యం డబ్బాలో ఉంది."

"బియ్యం డబ్బాలోనా?" అన్నాను.

"బయల్దేరే పొద్దున్న రాజుగారు చెరువు దగ్గరికి వచ్చారండి, వంగి మేత పళ్ళెం చూస్తుంటే జేబులోంచి ఫోన్ నీళ్ళలో పడింది. ఆరుతుందని మా ఆయన మా బియ్యంలో పాతిపెట్టాడు. ఇంతలో కంపెనీ బస్సు హారన్ కొట్టింది, ఈయన పరిగెత్తి ఎక్కేశారు. ఫోన్ సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. మర్నాడు నేను అన్నానికి బియ్యం తీస్తుంటే డబ్బా మోగింది. ప్రాణం పోయినంత పనైంది నాకు. చూస్తే సూర్యకళ గారు. ఆయన ఇక్కడే మర్చిపోయారండి అని చెప్పాను. పాపం ఆవిడ రోజుకి నాలుగుసార్లు ఆ డబ్బాకే ఫోన్ చేసేవారు, ఏమైనా తెలిసిందా అని."

పెద్దిరాజు గారు గోదారి వైపు చూస్తున్నారు.

"మూడో రోజు ఏదో పొడుగు నంబరు నుంచి వచ్చింది. ఎత్తితే రాజుగారే. గైడు ఫోన్ అడుక్కుని చేశారట. తన నంబరు తప్ప ఇంకెవరి నంబరూ నోటికి రాదట, అందుకని తన ఫోన్‌కి తనే చేసుకున్నారు. రూతూ నువ్వా అన్నారు. మా సూర్యకళకి చెప్పమ్మా, బాగానే ఉన్నానని చెప్పు అన్నారు. అని ఏడ్చేశారు."

"ఏడవలేదు," అన్నారు పెద్దిరాజు గారు. "అక్కడ ఏసీ ఎక్కువ. జలుబు చేసింది."

చేతిలో టీ చల్లారిపోయింది, ఆయన దాన్నే తాగారు. గ్లాసు పక్కన పెట్టి మాస్టారి వైపు తిరిగారు.

"తప్పైంది మాస్టారూ. మీరు అడిగితే తెలీదనడానికి సిగ్గేసింది. బ్యాంకాక్‌లో నేను చూసింది ఆ గైడు వీపు ఒక్కటే. తప్పిపోతానేమోనని అయిదు రోజులూ అతని చొక్కా పట్టుకుని తిరిగాను. గుళ్ళూ చూళ్ళేదు, సముద్రం చూళ్ళేదు. మీరు మాత్రం పొద్దున్నే ఫోన్ల షాపు తీయగానే రోమింగ్ ప్యాక్ ఇక్కడే వేయించుకోండి. మిగతా పదకొండు మందిలో అందరికంటే ముందు ఇంటికి ఫోన్ చేసింది అలా వేయించుకున్నవాళ్ళే, నేను పక్కన నిలబడి చూశాను. నేనే బండి మీద తీసుకెళ్తాను."

మాస్టారు నోటుబుక్కులో పాత పేజీ చింపి, కొత్త పేజీలో ఆ ముక్క రాసుకున్నారు. ఆయన ముఖం కొంచెం తేటపడింది.

"ఇంకొక్కటండి," అన్నారు పెద్దిరాజు గారు. "క్రిస్టినా నంబరు చెప్పండి. ఫోన్ చూడకుండా."

"అదేంటి, నా కూతురు నంబరు నాకు రాదా? తొంభై నాలుగు, నలభై..."

మాస్టారు ఆగారు. నలభయ్యేళ్ళు ఊరందరి పిల్లలకీ ఎక్కాలు అప్పజెప్పించిన మనిషి. పెదాలు కదుపుతూ మళ్ళీ తొంభై నాలుగు దగ్గర్నించి ఎత్తుకున్నారు, మళ్ళీ అక్కడే ఆగారు. చెయ్యి జేబు వైపు వెళ్ళింది.

"ఫోన్ ముట్టుకోకండి మాస్టారూ. మొదట్నించి చెప్పండి," అన్నారు పెద్దిరాజు గారు మెల్లగా.

మాస్టారు సాయం కోసం నా వైపు చూశారు. నేనేం సాయం చేస్తాను. అప్పటికే మా ఆవిడ దేవిశ్రీ నంబరు మనసులో చెప్పుకుంటూ ఆరో అంకె దగ్గర ఆగిపోయి ఉన్నాను.