ఒక్క గరిటెడు ఆసిడ్‌తో ఆగిన ఏరు

తెల్లారేలోపు రబ్బరు చెట్లు గీసి, పాలు బకెట్లకెత్తుకుని, అమ్మబోయే ముందు అందరూ చేరేది త్రాంగ్ పట్నం దారిలోని హెంగ్ కాఫీ కొట్టుకే. ఆ పొద్దున ప్రయూన్ అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. సహకార సంఘంలో రబ్బరుపాలు గడ్డకట్టడానికి ఆసిడ్, గడ్డకట్టకుండా అమ్మోనియా కలిపే మనిషి పని మానేశాడు. సంఘం తరఫున పాలు కొలిచి కొని, కొత్తవాణ్ణి కూడా ఎంచే లమాయి పిన్ని ఎదురు బల్ల దగ్గరే కూర్చుని కాఫీ ఊదుకుంటోంది. ఇరవై ఏళ్లుగా చెట్లు గీసి నడుం విరిగిన ప్రయూన్‌కి ఆ నీడపట్టు ఉద్యోగం కావాలి. ఎలాగైనా సరే, కావాలి!

"ఆసిడ్ సంగతి నన్నడగండి," అన్నాడు పంది వేపుడు ముక్క నోట్లో వేసుకుంటూ. "పోయినేడు బకెట్టెడు పాలు ఎంతకీ గడ్డకట్టకపోతే అరచెంచా వేశాను. కాఫీ తాగేలోగా ముద్ద!"

"అది మా ఆవిడా చేస్తుంది," అన్నాడు కొట్టు హెంగ్.

ప్రయూన్‌కి చురుక్కుమంది. "అరె, అది కాదన్నా, వరదల ఏడు సంగతి చెప్తున్నా! సంఘం తొట్లన్నీ పగిలి, పాలన్నీ ఏట్లో కలిసి, ఏరంతా తెల్లగా పారుతోంది, సముద్రంలో కలిసిందంటే మన నోట్లో మట్టే కదా, నేనేం చేశానో తెలుసా? గట్టున నిలబడి ఒక్క గరిటెడు ఆసిడ్ విసిరాను. అంతే! ఏరు ఏరంతా ఎక్కడిదక్కడ పేరుకుపోయింది. చేపలు తలలు బయటపెట్టి దిక్కులు చూస్తున్నాయి!"

"మరి కింది ఊరికి నీళ్లో?" అడిగింది లమాయి.

"అక్కడికే వస్తున్నా పిన్నీ! ముందు గట్టిపడిందో లేదో చూద్దామని దాని మీదికి ఏనుగును తోలాను. అడుగేస్తే చాలు, కొబ్బరిచెట్టంత ఎత్తు ఎగిరింది! మూడో గంతుకి కొండ అవతల పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏటిని చాపలా చుట్టి కొండ మీద ఆరేశాను. కింది ఊరివాళ్లు లబోదిబోమంటూ వచ్చారు. జాలేసి ఒక్క చుక్క అమ్మోనియా వేశాను. చుట్ట విప్పుకుని ఏరు మళ్లీ గలగలా పారింది!"

కొట్టంతా ఘొల్లుమంది. లమాయి కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ప్రయూన్ ఒళ్లు పులకరించింది. ఉద్యోగం వచ్చేసినట్టే!

"సరే, లే," అంటూ లేచింది లమాయి. "ఎండెక్కింది. నీ పాలు నేనే కొలుస్తాను."

బయట అతని బండికి కట్టిన బకెట్టు మూత తీసి గరిటె ముంచింది. గరిటె దిగలేదు. బకెట్టు బోర్లించింది. చుక్క రాలేదు. తెల్లటి ముద్ద ఒకటి బకెట్టు ఆకారంలోనే జారిపడి గడగడా వణికింది.

"నిన్న ఇందులో ఆసిడ్ కలిపావా?"

"కలిపాను పిన్నీ."

"కడిగావా?"

ప్రయూన్ వంగి ముద్దను వేలితో నొక్కి చూశాడు. ఆసిడ్ బకెట్టు కడగాలనీ, ఒకసారి ముద్దైన పాలు మళ్లీ కరగవనీ అక్కడి పసిపిల్లలకీ తెలుసు. పిన్ని కంటే ముందు వచ్చి కూర్చోవాలన్న తొందరలో దొరికిన బకెట్టులో పాలు పోసేశాడు, అంతే.

"కంగారెందుకు పిన్నీ?" అన్నాడు గుమ్మంలోంచి హెంగ్. "ఒక్క చుక్క అమ్మోనియా వేయించు. ఏరే పారిందిగా!"

లమాయి తన బండి పెట్టెలోంచి అమ్మోనియా సీసా తీసి ప్రయూన్ చేతిలో పెట్టింది.

"వెయ్యి నాయనా. పారిందంటే ఉద్యోగం నీదే."