గని ఊపిరి

మూసేసిన బొగ్గుగని మీద పెంచిన అడవిలో, పిల్లలు కూర్చుని భూమి చప్పుడు వినడానికి ఓ శిల్పి గిన్నెల్లాంటి గుంతలు కట్టి, ఒక్కో గుంత నడిమి నుంచి గనిలోకి ఇత్తడి గొట్టం దించింది. ఒకప్పుడు ఆ గనిలోనే పనిచేసిన కాపలా ముసలాయన, ఆ పొద్దున ఆమెను ఒక గుంత దగ్గరికి పిలిచాడు.

“ఆకు కదలడం లేదు, గొట్టం మోగుతోంది. విన్నావా అమ్మా?”

“విన్నాను బాబాయ్. ఇన్నాళ్లకి పలికిందని మురిసిపోతున్నా.”

“ముసురు పట్టేముందు గని ఊపిరి వదులుతుంది. ఆ గాలి మనకి పనికిరాదు.”

“విషమా?”

“ప్రాణవాయువు ఉండదు, అంతే. వాసన రాదు, దగ్గూ రాదు. బరువుగా పల్లంలో పేరుకుంటుంది. మేమైతే దీపం ఆరగానే వెనక్కి తిరిగేవాళ్లం. ఈ కర్ర చివర అగ్గిపుల్ల గుచ్చి, వెలిగించి కిందికి దించు.”

“ఆరిపోయింది. పుల్ల చెమ్మగిల్లిందేమో.”

“ఇంకోటి వెలిగించు.”

“ఇదీ ఆరింది బాబాయ్. పదింటికి బడిపిల్లల బస్సు వస్తుంది. వద్దని ఫోన్ చేస్తాను.”

“చెయ్యి. ఇలాంటివి ఎన్ని కట్టావు?”

“రెండే. రెండోది ఆ తుప్పల వెనక. ఇంకా లోతు.”

“అందులో ఎవరూ లేరు కదా?”

“మా అమ్మాయి ఉంది. ఇందాక పుస్తకం పట్టుకుని దిగింది.”

“ఒక కేక వెయ్యి.”

“మీ దగ్గరికి వచ్చేటప్పుడే వేశాను. పలకలేదు. పుస్తకం పడితే దానికి లోకం తెలీదు కదా అని వచ్చేశాను.”