ఆయిల్ మార్చలేదని రాసింది నేనే

నా పేరు బోనెల రూతు. భర్త పేరు జెకర్యా. వయస్సు 46 సంవత్సరాలు. మందస దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు టీచరుగా పని చేస్తున్నాను. కాశీబుగ్గలో సొంత ఇంట్లో ఉంటున్నాము. ఈ రోజు, అంటే 2025 జూలై 11, శుక్రవారం సాయంత్రం 6.35కి నా అంతట నేనే పోలీస్ స్టేషనుకు వచ్చాను. నన్నెవరూ పిలిపించలేదు. నా భర్త వెళ్లవద్దన్నాడు. మెకానిక్ మడ్డు బైరాగి ఎక్కడున్నాడో వెతకమని చెప్పడానికి వచ్చాను. ఎస్.ఐ. గారు ముందు జీపును నౌపడ పంపించి, ఆ తర్వాతే నా వాంగ్మూలం మొదలుపెట్టించారు. కానిస్టేబుల్ హరిప్రియ గారు రాస్తున్నారు. రావలసినదాని కంటే ఒక రోజు ఆలస్యంగా వచ్చాను. అది కూడా రాయమన్నాను.

మాకు తెల్ల డీజిల్ కారు ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాము. నేనే నడుపుకుంటూ రోజూ బడికి వెళ్తాను. జూలై 5, శనివారం ఉదయం 10 గంటలకు మందస రోడ్డులో ఉన్న బైరాగి షెడ్డులో సర్వీసుకు ఇచ్చాను. ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు మార్చాలని చెప్పాను. దగ్గరుండి చూసుకోవలసింది. కానీ ఆ రోజు చర్చిలో స్త్రీల కూడిక ఉండటంతో ఆటోలో వెళ్లిపోయాను. ఒంటిగంటకు తిరిగి వచ్చేసరికి కారు సిద్ధంగా ఉంది. బైరాగి ఒక పాత పేపరులో చుట్టిన ఫిల్టరు తెచ్చి నా ముందు విప్పాడు.

"పాతది సూసుకోండమ్మా. సూపించకుండా బండి పంపిత్తే నాకు తోసదు" అన్నాడు.

పాత సామాను బండివాళ్లకు చూపించడం అతని అలవాటని తర్వాత చాలామంది చెప్పారు. నేను మాత్రం చూడలేదు. చీరకు మరక అంటుతుందని దాన్ని అవతల పెట్టమన్నాను. బిల్లు మూడు వేల నాలుగు వందల ఎనభై. కంప్యూటరు బిల్లు కాదు, ఆయిల్ డబ్బా అట్టముక్క మీద పెన్నుతో రాసిచ్చాడు. నాకు అక్కడే అనుమానం మొదలైంది. అట్టముక్క మీద రాసిచ్చేవాడు నిజం చెబుతాడా అనుకున్నాను. డబ్బు ఫోనులో కొట్టేసి వచ్చేశాను.

జూలై 8, మంగళవారం మధ్యాహ్నం బడిలో ఈ బిల్లు సంగతి వచ్చింది. మా లెక్కల మాస్టారు ఈశ్వరరావు గారు ఫోనులో ఒక వీడియో చూపించారు. మెకానిక్ ఆయిల్ మార్చాడో లేదో మనమే కనిపెట్టవచ్చని అందులో ఉంది. ఇంజన్‌లో ఆయిల్ చూసే కడ్డీని బయటకు తీసి తెల్ల కాగితానికి తుడవాలి. కొత్త ఆయిలు తేనె రంగులో ఉండాలి. నేను బానెట్ ఎత్తి కడ్డీ తీసి టిష్యూ కాగితానికి తుడిచాను. కాటుకలాగా నల్లగా వచ్చింది. మూడు రోజుల ముందు మార్పించిన ఆయిలు అది. కారు తొంభై కిలోమీటర్లు కూడా తిరగలేదు.

ఈశ్వరరావు గారు "మార్చలేదండీ మేడం, మీకు టోపీ పెట్టేశాడు" అన్నారు. నేను మూడుసార్లు తుడిచి మూడు కాగితాలు వరసగా పెట్టి ఫోటో తీశాను. ప్రయోగం ఒకసారి కాదు, మూడుసార్లు చేయాలని పిల్లలకు చెప్పేదాన్ని నేనే. మూడుసార్లూ చేశాను గానీ, డీజిల్ కారులో కొత్త ఆయిలు ఎలా ఉంటుందో ఎవరినీ అడగలేదు.

సాయంత్రం 4.20కి ఆ ఫోటోను వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పలాస, కాశీబుగ్గల్లో కార్లున్నవాళ్ల గ్రూపు అది. నాలుగు వందల పన్నెండు మంది ఉన్నారు. జీడిపప్పు వ్యాపారం చేసే ఆదిత్య దానికి అడ్మిన్. ఫోటో కింద నేను రాసిన మాటలు ఇవి: "ఆయిల్ మార్చకుండానే రూ. 3,480 గుంజాడు. మందస రోడ్డు, బైరాగి షెడ్డు. దొంగ. జాగ్రత్త." రాత్రి అయ్యేసరికి తొంభైకి పైగా మెసేజీలు వచ్చాయి. తమ కార్లకు కూడా మెకానిక్‌లు ఇలాగే చేశారని ఎవరెవరో రాశారు. వాళ్లలో బైరాగి పేరు చెప్పినవాళ్లు ఇద్దరు కూడా లేరు. మిగతా వాళ్ల కోపం వేరే షెడ్ల మీద. అయినా అంతా అతని మీదే పడింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకు బాగుంది. అది కూడా రాయమన్నాను.

ఆ సాయంత్రమే 7.10కి బైరాగి ఫోన్ చేశాడు. అతను అరవలేదు.

"అమ్మా, డీజిల్ బండమ్మా మీది. ఎంత కొత్త ఆయిలైనా పోసిన పూటే నల్లగైపోతాది. రేపు బండి అట్టుకురండి. మీ ఎదరే మల్లీ మారుత్తాను. రూపాయొద్దు. ఆ మాటొక్కటీ తీసీండి" అన్నాడు.

తప్పు చేయనివాడు ఉచితంగా ఎందుకు మారుస్తాడు అనుకున్నాను. ఫోన్ పెట్టేసి గ్రూపులో ఇంకో మాట రాశాను. "ఒప్పుకున్నాడు. మళ్లీ ఫ్రీగా మారుస్తానంటున్నాడు" అని. మొదటి మాట తెలియక రాశానని చెప్పుకోవచ్చు. ఈ రెండో మాటకు నా దగ్గర ఏ సాకూ లేదు.

జూలై 9, బుధవారం సాయంత్రం 6.40కి గ్రూపులో ఒక వీడియో వచ్చింది. అప్పుడు నేను వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. ఏడెనిమిది మంది షెడ్డులోకి వెళ్లి రెంచీలు, జాకీలు రోడ్డు మీదకు విసిరేశారు. ఆయిల్ డ్రమ్మును తన్నేశారు. బైరాగిని నేల మీద కూర్చోబెట్టి, దొంగనని చెప్పమని తల మీద, వీపు మీద కొట్టారు. అతను చెప్పాడు. చెప్పినా కొట్టారు. వాళ్లలో ఇద్దరిని నేను గుర్తుపట్టగలను. పేర్లు వేరే కాగితం మీద రాయించాను.

ఆ వీడియోలో అతను ముఖానికి చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఎడమ చేతిని పొట్టలోకి ముడుచుకుని, దాని మీదకు వంగిపోయాడు. ఎన్ని దెబ్బలు పడినా ఆ చేతిని మాత్రం బయటకు తీయలేదు. చొక్కా పొడుగు చేయి మోచేతి దాకా చిరిగింది. అప్పుడు చూశాను, ముంజేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంది. డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్ చేసిన చేయి అది. దానికి దెబ్బ తగిలితే రక్తం ఆగదు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఈ సంగతి ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు, మా బడిలో ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు. శనివారం షెడ్డులో అంత ఉక్కలో కూడా బైరాగి పొడుగు చేతుల చొక్కా ఎందుకు వేసుకున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. వంకాయలు అలాగే వదిలేసి వీడియో మళ్లీ మొదటి నుంచి చూశాను. అప్పటి నుంచి నాకు భయంగా ఉంది.

జూలై 10, గురువారం బడికి సెలవు పెట్టి కారు తీసుకుని టెక్కలి వెళ్లాను. పలాసలో ఏ షెడ్డుకూ వెళ్లే ధైర్యం లేదు. అక్కడ ఒక పెద్ద వర్క్‌షాపులో కిరణ్ కుమార్ అనే ఫోర్‌మన్‌ను ఆయిల్ చూడమన్నాను. అప్పుడు ఉదయం 11.15. అతను కడ్డీ తీసి, వేళ్ల మధ్య ఆయిలు రుద్ది చూశాడు. కారు పైకి లేపించి కింద నుంచి టార్చి కొట్టాడు.

"కొత్త ఆయిలే కదా మేడం. ఫిల్టరు కూడా కొత్తదే. ఇదిగో, మార్కరుతో తేదీ కూడా రాసేడు, సూడండి" అన్నాడు.

నేను కారు కిందకు వంగి చూశాను. ఫిల్టరు మీద 5/7 అని ఉంది. మరి నల్లగా ఎందుకు ఉందని అడిగాను. డీజిల్ ఇంజన్‌లో లోపల మసి ఉంటుందని, కొత్త ఆయిలు ఆ మసిని కడిగేసుకుని పది కిలోమీటర్లకే నల్లబడుతుందని, తేనె రంగు సంగతి పెట్రోలు కార్లదని చెప్పాడు. బిల్లు ఎంత అయిందని అడిగితే చెప్పాను. "మా దగ్గరైతే నాలుగు వేల మూడు వందలు దాటుతాది. ఎవులండి చేసింది? మంచి పనోడు" అన్నాడు. నేను పేరు చెప్పలేదు. చూసినందుకు ఎంత ఇవ్వాలంటే ఏమీ వద్దన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఇల్లు చేరాను. అప్పుడే గ్రూపులో నిజం రాసి ఉండాలి. రాయలేదు. పోలీసు కేసు అవుతుందని, ఉద్యోగం పోతుందని భయపడ్డాను. రాత్రి 8 గంటలకు నా రెండు మెసేజీలూ చప్పుడు చేయకుండా తీసేశాను. తీసేస్తే అయిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను.

ఈ రోజు ఉదయం 7 గంటలకు బైరాగి భార్య దమయంతి మా ఇంటికి వచ్చింది. నేను ఆమెను అంతకుముందు చూడలేదు. గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"బుధవారం నుంచీ మనిషి ఇంటికి రాలేదమ్మా. ఫోను ఆపీసినాడు. సోమారం, గురువారం ఆయనకి డయాలసిస్సు. నిన్న ఆయన వంతు. మంచం ఖాళీగుందని ఆసుపత్రోళ్లు నాకు ఫోను సేసినారు" అంది.

నేను ఆ మెసేజీలు తీసేశానని చెప్పాను.

"తీసీసినారని ఎవులికి తెలుస్తాదమ్మా? దొంగని అందరూ సదివినారు. దొంగ కాదని కూడా సదవాల కదా. రాయండి" అంది. ఏడవలేదు. చెప్పి వెళ్లిపోయింది.

నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నా భర్త లాక్కున్నాడు. "ఇప్పుడేటి రాత్తావు? రాసినావంటే దెబ్బలన్నీ నీ ఖాతాలోకే వత్తాయి. నోరు మూసుకుని కూకో" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయనకు కూడా భయమే. నేను నోరు మూసుకుని బడికి వెళ్లాను. ఐదు పీరియడ్లు పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

సాయంత్రం 5.20కి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అప్పటికి ఇంటికి చేరి కారులోనే కూర్చుని ఉన్నాను. బైరాగి మాట్లాడాడు. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"అమ్మా, నాను బైరాగిని. గ్రూపుల ఏటైనా రాసినారా? ఆసుపత్రికి ఎల్లొచ్చా? ఆ మిషను కాడ నాలుగు గంటలు సూదులతో పడుకుండిపోవాల. ఎవుడైనా వత్తే లెగనేనమ్మా. పారిపోనేను" అన్నాడు.

నేను "రాశాను బైరాగీ, నీ తప్పేమీ లేదని రాశాను, రా" అన్నాను. అబద్ధం చెప్పాను. ముందు రమ్మని, అతను వచ్చేలోగా రాసేద్దామనుకున్నాను. ఎక్కడున్నావని అడిగేలోగా ఫోన్ పెట్టేశాడు. నేను వెంటనే గ్రూపు తెరిచాను. మధ్యాహ్నం నుంచి అడ్మిన్ తప్ప ఎవరూ రాయకుండా ఆదిత్య దాన్ని మూసేశాడు. అతనికి ఫోన్ చేసి బతిమాలాను. "గొడవ సల్లారిపోయింది కదా మేడం, మల్లీ ఎందుకండీ కెలకడం" అన్నాడు. నిజం తెలిసింది నిన్న పదకొండుంబావుకు. గ్రూపు మూసింది ఈ రోజు మధ్యాహ్నం. మధ్యలో ఒక రోజు నా చేతిలో ఉంది.

5.55కి అదే నంబరు నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. "తెలిసిన డ్రైవరుకి ఫోను సేసి సదివించుకున్నానమ్మా. మీరేటీ రాయలేదు" అని పెట్టేశాడు.

నేను ఆ నంబరుకు తిరిగి చేశాను. ఒకామె తీసింది. నౌపడలో ఉప్పు మళ్ల దగ్గర టీ కొట్టు ఆమె. "కాళ్లు రెండూ ఉబ్బిపోనాయమ్మా ఆ బాబుకి. సెప్పులు పట్టక సేత్తో అట్టుకున్నాడు. పది అడుగులేసి కూకుంతన్నాడు. మళ్ల గట్టు మీంచి తూరుపుకి ఎల్లిపోనాడు" అంది. అతనికి చివరిసారి డయాలసిస్ జరిగింది జూలై 7, సోమవారం. ఈ రోజుకు ఐదో రోజు. ఒంట్లో చేరిన నీరు బయటకు పోయే దారి లేదు. ఊపిరితిత్తుల్లోకి చేరితే ఏమవుతుందో నాకు తెలుసు. నేను ఇంట్లో చెప్పి, కారు తిప్పి నేరుగా ఇక్కడికి వచ్చాను.

ఇక్కడి వరకు రాయడం అయ్యేసరికి 7.55 అయింది. అప్పుడు ఎస్.ఐ. గారికి నౌపడ నుంచి ఫోన్ వచ్చింది. బైరాగి ఉప్పు బస్తాలు దాచే పాకలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడని కానిస్టేబుళ్లు చెప్పారు. మనిషికి తెలివి ఉంది, ఆయాసం ఎక్కువగా ఉంది. జీపు ఎక్కనంటున్నాడు. దొంగతనం కేసు పెట్టి తీసుకుపోవడానికి వచ్చారని అనుకుంటున్నాడు. బలవంతంగా ఎత్తుదామంటే చేతిని పొట్టలోకి ముడుచుకుని గోడ వైపు తిరిగిపోతున్నాడు. ఎస్.ఐ. గారు ఫోన్ స్పీకరులో పెట్టి, ఈ వాంగ్మూలాన్ని అతనికి చదివి వినిపించమని నాకు ఇచ్చారు.

మొదటి నుంచి చదివాను. చర్చి కూడిక, చీర మరక, అట్టముక్క, నాకు బాగుంది అన్న మాట, ఏదీ వదలలేదు. 5/7 అని చదివినప్పుడు, "ఆఁ, నాను రాసిందే" అన్నాడు. అబద్ధం చెప్పాను అన్న మాట అతనికి వినపడిందో లేదోనని మళ్లీ చదివాను. అయిపోయిందని చెప్పాను.

"సంతకం పెట్టీసినారా అమ్మా?" అని అడిగాడు.

అప్పటికి పెట్టలేదు. పెట్టానని చెప్పి జీపు ఎక్కించవచ్చు. కానీ అలాంటి అబద్ధం అతనికి నేను ఒకసారి చెప్పాను. పెట్టలేదని చెప్పాను.

"పెట్టండి. నాను లైన్ల ఉంతాను" అన్నాడు.

మడ్డు బైరాగి నా కారుకు ఆయిలు మార్చాడు. ఫిల్టర్లు మార్చాడు. న్యాయమైన డబ్బే తీసుకున్నాడు. పైన ఉన్నదంతా నేను చెప్పగా రాసినదే. రాసినదంతా నేనే గట్టిగా చదివాను, అతను విన్నాడు. ఇందులో అబద్ధం లేదు. దీని వల్ల నా మీద ఏ కేసు పెట్టినా నాకు సమ్మతమే. ఫోన్ ఇంకా లైన్లోనే ఉంది.

సంతకం: బోనెల రూతు
11-07-2025, రాత్రి 8.21 గంటలు