పొయ్యి కింద రేవు

వంటింట్లోకి వచ్చిన వాననీటిని తల్లీ కూతురూ చీపుళ్లతో బయటికి తోస్తున్నారు. ఊళ్లో ఎప్పుడో పూడ్చేసిన వాగును మళ్లీ తవ్వించబోయే ఇంజనీరు ఆ కూతురే.

"చిన్నప్పుడు నువ్వు ఈతకొట్టిన వాగు ఎటు పారేదమ్మా?"

"ఇటే. మా రేవు ఈ పొయ్యి కిందే. నేనెంత ఏడ్చినా వినకుండా మీ తాత పూడ్చి ఇల్లు కట్టాడు."

కూతురు నీళ్లు తోయడం ఆపింది.

"నీళ్లు పాత దారే వెతుక్కుంటాయి, అక్కడే తవ్వాలని ఆఫీసులో పట్టుబట్టింది నేనేనమ్మా. ఇల్లు పోతుంది. పక్కకి తిప్పమననా?"

"తిప్పితే ఆగుతుందా? పుట్టింటికొచ్చినట్టు ఏటా ఇటే వస్తోంది చూడు."

"మరి నువ్వెక్కడుంటావు?"

తల్లి చీపురు గోడకి ఆనించింది.

"దాని చప్పుడు వింటూ నిద్రపోయి ఎన్నేళ్లయిందో! వినబడేంత దగ్గర్లో నాకో గది చూడవే."